సర్పంచ్ ఓట్ల లెక్కపై కోర్టుకు వెళ్లాలంటే: లెక్కింపు బల్ల నుంచి ట్రిబ్యునల్ దాకా

సర్పంచ్ ఎన్నిక మూడు ఓట్లతోనో ఐదు ఓట్లతోనో తేలిన రాత్రి ఓడిన వర్గంలో అందరి నోటా ఒకటే మాట వస్తుంది: "కోర్టుకు పోదాం, మళ్లీ లెక్క పెట్టిద్దాం." పోవచ్చు. చట్టం ఆ దారి ఉంచింది. కానీ అడిగినంత మాత్రాన ఏ జడ్జీ సీలు వేసిన బ్యాలెట్ సంచి విప్పడు. ఆ రాత్రి, ఫలితం ప్రకటించక ముందు, మీరు ఏం రాసిచ్చారు, ఎవరికిచ్చారు అన్నదే ముందు చూస్తాడు. అది లేని కేసు తర్వాత ఎంత పెద్ద వకీలును పెట్టుకున్నా ఈడ్చినట్టే నడుస్తుంది. అందుకే లెక్కింపు గది దగ్గరే మొదలుపెడదాం.

బల్ల దగ్గర ఏం చూడాలి, ఏం రాసుకోవాలి

మన తెలంగాణలో పంచాయతీ ఎన్నికలు బ్యాలెట్ పేపర్ల మీదే జరుగుతున్నాయి. ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 1 దాకా పోలింగ్, 2 గంటల నుంచి లెక్కింపు, చాలాసార్లు అదే సర్కారు బడిలో. వార్డు సభ్యుల కాగితం తెల్లది, సర్పంచ్‌ది గులాబీ రంగుది. ముందు కాగితాలను రంగుల వారీగా వేరుచేసి 25 చొప్పున కట్టలు కడతారు. వార్డుల లెక్క తేలాక సర్పంచ్ ఓట్లకు వస్తారు. అప్పటికి పొద్దుగూకుతుంది, అందరూ అలసిపోయి ఉంటారు. పొరపాట్లు పడేది అప్పుడే.

మీ ఏజెంటుగా గొంతు పెద్దగా ఉన్నవాణ్ని కాదు, చేతిరాత మంచిగా ఉన్నవాణ్ని పెట్టండి. నోటుబుక్కు, రెండు పెన్నులు, కార్బన్ పేపర్లు, చేతి గడియారం వెంట పంపండి. ఫోన్ లోపలికి రానివ్వరు కాబట్టి వేళ రాయడానికి గడియారం కావాలి. ప్రతి పెట్టె తెరిచినప్పుడు బయటికొచ్చిన కాగితాల సంఖ్యను, ఆ పోలింగ్ కేంద్రంలో ప్రిసైడింగ్ అధికారి రాసిచ్చిన బ్యాలెట్ పేపర్ల లెక్కతో పక్కపక్కన రాయించండి. వచ్చినవి ఎన్ని, ఓటర్లకు ఇచ్చినవి ఎన్ని, పాడై రద్దయినవి ఎన్ని, మిగిలినవి ఎన్ని. ఈ నాలుగు అంకెలు పెట్టెలోని సంఖ్యతో కలవకపోతే అక్కడికక్కడే నోరు తెరవాలి.

కట్టల మీద కన్ను వదలొద్దు. 25 ఉండాల్సిన కట్టలో 24 ఉంటే ఒక్క ఓటు తేడా. మీ కట్ట ఒకటి పొరపాటున ఎదుటివారి ట్రేలో పడితే మీకు 25 తగ్గి, వారికి 25 పెరిగి, మొత్తం 50 ఓట్ల తేడా వస్తుంది. రెండు వేల ఓట్లు దాటని ఊళ్లో అది ఎన్నికను తలకిందులు చేస్తుంది.

చెల్లని ఓట్ల దగ్గర ఆగండి

తక్కువ తేడా ఉన్న ఊళ్లలో అసలు గొడవ ఈ కుప్ప దగ్గరే. ఒక్కో కాగితాన్ని చూసే హక్కు మీ ఏజెంటుకు ఉంది. చేత్తో ముట్టకూడదు, చూపించమని అడగాలి.

ఓటు ముద్రను ఊళ్లో స్వస్తిక్ అంటారు. నాలుగు బాణపు చేతులున్న క్రాస్ గుర్తు అది. ఆ చేతులన్నీ ఒకే వైపు తిరిగి ఉంటాయి. ఓటరు సిరా ఆరకముందే కాగితం మడిస్తే ఆ ముద్ర ఇంకో గుర్తు మీద అంటుకుంటుంది. చూడగానే రెండు ముద్రలున్నట్టు కనిపిస్తుంది, "ఇద్దరికి వేశాడు, చెల్లదు" అని పక్కన పడేస్తారు. పరీక్షగా చూడండి: మడత వల్ల అంటిన మరకలో చేతులు అద్దంలో చూసినట్టు ఎదురువైపు తిరిగి ఉంటాయి, సిరా పలచగా ఉంటుంది. కాగితాన్ని అదే మడత మీద మళ్లీ మడిస్తే ఆ మరక సరిగ్గా అసలు ముద్ర మీద పడుతుంది. అలాంటి ఓటు చెల్లుతుంది, అసలు ముద్ర ఎవరి గడిలో ఉంటే వారిది. ఇది తెలియక చేజారిన ఓట్లు కొన్ని ఊళ్ల ఫలితాన్నే మార్చగలవు. అందుకే మీ ఏజెంటుకు ముందురోజే ఒక తెల్లకాగితం మీద రబ్బరు ముద్ర వేయించి, మడిచి, విప్పి చూపించండి.

ఒకే అభ్యర్థి గడిలో రెండు మూడు సార్లు ముద్ర వేసినా ఓటు ఆయనదే. ముద్ర కొంత గడిలో, కొంత గీత మీద పడ్డా, ఎవరికి వేశాడో తేటగా తెలిస్తే చెల్లుతుంది. ఇద్దరి గడుల్లో అసలు ముద్రలే పడితే, ఏ గడిలోనూ పడకుండా పూర్తిగా మధ్య ఖాళీలోనే పడితే, ఓటరు పేరో సంతకమో వేలిముద్రో కాగితం మీద ఉంటే చెల్లదు. కాగితం వెనుక ప్రిసైడింగ్ అధికారి సంతకం, ప్రత్యేక గుర్తు లేకపోయినా చిక్కే. కానీ ఆ లోపం అధికారి మరుపు వల్ల వచ్చిందని తేలితే వాదించే చోటు ఉంటుంది, వదిలిపెట్టొద్దు. నోటాకు పడ్డ ముద్ర నోటా లెక్కలోకి పోవాలి, చెల్లని కుప్పలోకి కాదు.

అభ్యంతరం చెప్పిన ప్రతి కాగితానికీ ఒక వరుస రాయండి: ఏ వార్డు, ఏ బల్ల, ఎన్ని గంటలకు, కాగితం మీద ఏం కనిపించింది, అధికారి ఏమన్నారు, పక్కన ఏ ఏజెంట్లు ఉన్నారు. తర్వాత మీ పిటిషన్‌కు ప్రాణం పోసేవి ఈ వరుసలే.

తిరిగి లెక్కించమనే అర్జీ

లెక్క చదివిన తర్వాత, ఫలితం ప్రకటించక ముందు ఉండే కొద్ది నిమిషాలే మీకున్న గడువు. అప్పుడే స్టేజ్-2 రిటర్నింగ్ అధికారికి, అంటే లెక్కింపు జరిపి ఫలితం ప్రకటించే అధికారికి, రాతపూర్వకంగా ఇవ్వాలి. ప్రకటన అయిపోయాక తిరిగి లెక్కించే అధికారం ఆయనకు లేదు. ఖాళీలు వదిలిన కాగితాన్ని ముందే రెండు ప్రతులు రాసి జేబులో పెట్టుకోండి:

"___ గ్రామ సర్పంచ్ ఓట్ల లెక్కింపులో నాకు ___, మొదటి స్థానంలో ఉన్న అభ్యర్థికి ___ ఓట్లు వచ్చినట్టు చదివారు. తేడా ___. చెల్లనివని పక్కన పెట్టిన ___ కాగితాల్లో ___ కాగితాల మీద మా ఏజెంటు అభ్యంతరం చెప్పారు. కారణం ___. ___ వార్డు కట్టల్లో ___ లోపం కనిపించింది. కాబట్టి ఫలితం ప్రకటించక ముందు సర్పంచ్ ఓట్లన్నీ, చెల్లనివాటితో సహా, తిరిగి లెక్కించాలని కోరుతున్నాను. ఈ అర్జీని నిరాకరిస్తే కారణాలు రాసి ఇవ్వగలరు. తేదీ, సమయం, సంతకం."

"నాకు అనుమానంగా ఉంది" అని మాత్రం రాయొద్దు. అనుమానం మీద అధికారీ లెక్కించడు, కోర్టూ లెక్కించదు. రెండో ప్రతి మీద అందినట్టు సంతకం, సమయం వేయించుకోండి. తీసుకోనంటే అదే కాగితం కింద "ఇన్ని గంటలకు ఇవ్వబోతే తీసుకోలేదు" అని రాసి, అక్కడున్న ఇద్దరు ఏజెంట్లతో సంతకాలు పెట్టించండి. బయటికి రాగానే కలెక్టర్‌కు, ఎన్నికల పరిశీలకుడికి ఫోన్లో పంపండి, తెల్లారి రిజిస్టర్ పోస్టులో వేయండి. ఆ పోస్టు రసీదు విలువ ఆరు నెలల తర్వాత తెలుస్తుంది.

అధికారి తిరిగి లెక్కిస్తే ఆ లెక్కనూ మొదటి లెక్క పక్కన రాసుకోండి. లెక్కింపు పత్రం మీద మీ ఏజెంటు సంతకం అడుగుతారు. సంతకం చేయొచ్చు, కానీ పక్కన "అభ్యంతరాలకు లోబడి" అని రాయించండి. ఏమీ రాయకుండా చేసిన సంతకాన్ని రేపు ఎదుటి వకీలు క్రాస్ ఎగ్జామినేషన్‌లో మీ ముందే చదివి వినిపిస్తాడు.

ఏ కోర్టు, ఎన్ని రోజులు

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. ఓడిన కోపంలో నేరుగా హైదరాబాద్ పోయి హైకోర్టులో రిట్ వేస్తారు. రాజ్యాంగం 243-ఓ అధికరణ ప్రకారం పంచాయతీ ఎన్నికను ఎన్నికల పిటిషన్ ద్వారా తప్ప సవాలు చేయకూడదు. హైకోర్టు "ట్రిబ్యునల్‌కు వెళ్లండి" అని పంపేసే సరికి ట్రిబ్యునల్ గడువు దాటిపోతుంది.

సర్పంచ్, వార్డు సభ్యుల ఎన్నికలకు ట్రిబ్యునల్ అంటే మీ ప్రాంతపు జూనియర్ సివిల్ జడ్జి కోర్టే. దేవరకొండ, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కల్వకుర్తి, గద్వాల, నారాయణపేట, మీ ఊరు ఏ కోర్టు పరిధిలో ఉంటే అక్కడ. 2016లో జిల్లాలు విడిపోయి, కొత్త మండలాలు వచ్చాక కొన్ని ఊళ్లకు మండలం ఒకటి, కోర్టు ఇంకొకటి అయ్యాయి. మీ ఊరి భూమి దావాలు ఇప్పుడు ఏ కోర్టులో పడుతున్నాయో వకీళ్ల సంఘంలో అడిగి తెలుసుకోండి.

గడువు ఫలితం ప్రకటించిన రోజు నుంచి 30 రోజులు. ఆలస్యాన్ని మన్నిస్తారన్న ఆశ పెట్టుకోవద్దు, ఎన్నికల చట్టాల్లో గడువు చాలా కఠినంగా చూస్తారు. 2025 డిసెంబర్ 11, 14, 17 తేదీల్లో మూడు విడతల్లో జరిగిన ఎన్నికలనే చూడండి. మొదటి విడత వారికి 30వ రోజు 2026 జనవరి 10, రెండో శనివారం. మిగతా రెండు విడతల వారికీ సంక్రాంతి ముంగిట, పండుగ సెలవుల మధ్య పడింది. సెలవు రోజున గడువు ముగిస్తే కోర్టు తెరిచిన మొదటి రోజు వేయొచ్చన్నది చట్టంలో ఉంది, కానీ ఆ లెక్క మీద బతకొద్దు. ఫైలింగ్ సెక్షన్‌లో పేజీ నంబరు లేదనో, ప్రతి తక్కువైందనో రిటర్న్ కొడతారు. సరిచేసి మళ్లీ వేయడానికి కనీసం పది రోజులు చేతిలో ఉంచుకోండి. ఫలితం అర్ధరాత్రి దాటాక ప్రకటిస్తే తేదీ మారిందన్న వాదనకు కూడా పోకుండా, పోలింగ్ రోజు నుంచే లెక్కేసుకోండి.

పిటిషన్‌లో ఏముండాలి

ముందు కాగితాలు పోగుచేయాలి. ఫలిత ప్రకటన, లెక్కింపు పత్రాల నకళ్లకు మొదటి రెండు మూడు రోజుల్లోనే దరఖాస్తు పెట్టండి, సమాచార హక్కు కింద ఇంకోటి వేయండి. లెక్కింపు గదిలో కెమెరా ఉంటే ఆ రికార్డును చెరపకుండా భద్రపరచమని అదే వారంలో రాసి ఇవ్వండి.

పిటిషన్‌కు గుండెకాయ అంకగణితం. లోపం జరిగిందని చూపితే చాలదు, ఆ లోపం ఫలితాన్ని మార్చిందని చూపాలి. మీరు 4 ఓట్లతో ఓడారనుకోండి. మడత మరక వల్ల తీసేసిన మీ ఓట్లు 3. అవన్నీ మీకు కలిపినా ఇంకా ఒక ఓటు వెనకే ఉంటారు, కేసు పోతుంది. దానితోపాటు మీకు పడ్డ ఒక ఓటును ఎదుటివారి లెక్కలో వేశారని చూపగలిగితే, ఆ ఒక్క కాగితం రెండు ఓట్ల తేడా తెస్తుంది: వారికి ఒకటి తగ్గి మీకు ఒకటి పెరుగుతుంది. మొత్తం 5, తేడా 4. ఇప్పుడు కేసు నిలబడుతుంది. వకీలు దగ్గరికి వెళ్లేముందు ఈ పట్టిక మీరే వేసుకోండి. తేడాను దాటకపోతే ఖర్చు పెట్టుకోకండి.

"లెక్కింపులో అవకతవకలు జరిగాయి" అన్న వాక్యం ఒక్కటే రాసి ఊరుకుంటే పిటిషన్ మొదట్లోనే బలహీనపడుతుంది. సంచి విప్పితే ఏదైనా దొరకదా అన్న ఆశతో వేసిన కేసును కోర్టులు ఒప్పుకోవు, ఎందుకంటే ఓటు రహస్యం ఓటరు సొత్తు. ఏ వార్డు, ఎన్ని కాగితాలు, ఏ లోపం, ఎవరు అభ్యంతరం చెప్పారు, ఏ సమయానికి అర్జీ ఇచ్చారు, అన్నీ పేరాలుగా ఉండాలి. ఈ విషయంలో వకీళ్లు ముందుపెట్టే రెండు సుప్రీంకోర్టు తీర్పులూ తమిళనాడు పంచాయతీ అధ్యక్షుల ఎన్నికలవే: 1989 నాటి షంసుద్దీన్ కేసు, 2000 నాటి వడివేలు కేసు. మొదటిదాంట్లో చెప్పింది ప్రతి పిటిషనరూ గుర్తుంచుకోవాలి. తిరిగి లెక్కించాక మీరే గెలిచినట్టు తేలినా, లెక్కించమనడానికి ముందే తగిన ఆధారం లేకపోతే ఆ ఆదేశమే నిలవదు.

ప్రతివాదులుగా గెలిచిన అభ్యర్థినే కాదు, పోటీలో నిలిచిన అందరినీ చేర్చండి. డమ్మీగా నిలిచి 2 ఓట్లు తెచ్చుకున్న మీ బావమరిది అయినా సరే. "నన్నే ఎన్నికైనట్టు ప్రకటించండి" అని కోరే పిటిషన్‌లో ఒక్కరిని వదిలేసినా దానికే కొట్టేయొచ్చు. ఏమని కోరాలో కూడా ఆలోచించి తేల్చుకోండి. ఎదుటివారి ఎన్నిక రద్దు వరకే అడిగితే మళ్లీ ఎన్నిక వస్తుంది. మిమ్మల్ని ప్రకటించమంటే మీకు పడ్డ ఓట్లనూ తవ్వే అవకాశం ఎదుటివారికి వస్తుంది.

నిబంధనల్లో చెప్పిన డిపాజిట్ కట్టిన రసీదు, వెరిఫికేషన్, అఫిడవిట్, వకాలత్, ప్రతి ప్రతివాదికి ఒక్కో నకలు జతచేయాలి. నకళ్ల మీద "నిజమైన ప్రతి" అని మీ చేత్తో సంతకం చేయండి. దాఖలు రోజు వకీలుతో మీరూ వెళ్లండి.

బ్యాలెట్ సంచులు కాపాడుకోవాలి

పిటిషన్‌తో పాటే ఒక ఐ.ఎ. (మధ్యంతర దరఖాస్తు) వేయాలి: ఫలానా గ్రామ బ్యాలెట్లు, చెల్లని ఓట్ల కవరు, టెండర్ ఓట్ల కవరు, లెక్కింపు పత్రాలు, గుర్తులు పెట్టిన ఓటర్ల జాబితా, ఇవన్నీ కేసు తేలేదాకా ధ్వంసం చేయకుండా సీలుతో భద్రపరచాలని. సంచులు శాశ్వతంగా ఉంచరు, నిర్ణీత కాలం తర్వాత తీసేస్తారు. ఆదేశం రాగానే దాని నకలును ఆ సంచులు ఎవరి స్వాధీనంలో ఉన్నాయో ఆ అధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి.

ఇది పైపై జాగ్రత్త కాదు. 2018 శాసనసభ ఎన్నికల్లో 441 ఓట్ల తేడా వచ్చిన ధర్మపురి కేసులో, 2023 ఏప్రిల్‌లో హైకోర్టు ఆదేశంతో స్ట్రాంగ్ రూమ్ తెరవబోతే తాళంచెవులే దొరకలేదు. అంత పెద్ద ఎన్నికకే అలా జరిగితే మండల కార్యాలయం మూలన ఉన్న గుడ్డ సంచి సంగతి ఆలోచించండి.

టెండర్ ఓటు గురించి ఒక మాట. తన ఓటు అప్పటికే ఎవరో వేశారని తెలిసిన అసలు ఓటరుకు ఇచ్చే కాగితం అది. కవరులో పెట్టి సీలు వేస్తారు, లెక్కింపు రాత్రి లెక్కించరు. ఒకటి రెండు ఓట్ల తేడా ఉన్నచోట ఆ కవరే కీలకం కావచ్చు. 2008లో రాజస్థాన్ నాథ్‌ద్వారాలో ఒక్క ఓటుతో ఓడిన అభ్యర్థి కేసు ఈ టెండర్ ఓట్ల మీదే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

విచారణ

మీరు మొదటి సాక్షి. ఏజెంట్లు తర్వాత. చీఫ్ అఫిడవిట్‌లో (ప్రమాణం చేసి రాసిచ్చే మీ సాక్ష్యంలో) రాసింది ఆ రాత్రి నోటుబుక్కుతో, అర్జీతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఏజెంటు "పది కాగితాలు" అని, మీరు "ఏడు" అని చెబితే క్రాస్‌లో కేసు అక్కడే ముగుస్తుంది. నోటుబుక్కును అసలుగానే దాఖలు చేయండి, తర్వాత శుభ్రంగా తిరగరాసిన ప్రతిని కాదు. మరకలున్నా కొట్టివేతలున్నా అసలుదానికే బలం. స్టేజ్-2 అధికారిని రికార్డులతో సహా సాక్షిగా పిలిపించమని అడగండి.

ఈ సాక్ష్యం అయ్యాకే తిరిగి లెక్కింపు కోసం గట్టిగా అడగాలి. జడ్జి ఒప్పుకుంటే కోర్టు పర్యవేక్షణలో, ఇరుపక్షాల ముందు, అడ్వకేట్ కమిషనర్‌తో (ఈ పనికి కోర్టు నియమించే వకీలుతో) లెక్కిస్తారు. సంచి విప్పే ముందు సీళ్లు చూసి, వాటి స్థితిని కమిషనర్ నివేదికలో రాయించండి. సందేహం ఉన్న ప్రతి కాగితాన్ని విడిగా పెట్టి నంబరు వేయించి, ఇరువైపుల వాదన రాయించండి. మడత మరక కాగితాలను మడిచి చూపించే సమయం ఇదే.

వాయిదాలు మిమ్మల్ని అలసిపోయేలా చేస్తాయి. సర్పంచ్ పదవీకాలం ఐదేళ్లు. 2019 జనవరిలో ఎన్నికైనవారి కాలం 2024 ఫిబ్రవరి మొదట్లోనే ముగిసింది. అప్పటికీ తేలని పిటిషన్లకు అర్థం లేకుండా పోతుంది. ప్రతివాది నోటీసు తీసుకోకపోతే వెంటనే ప్రత్యామ్నాయ మార్గంలో అందించమని అడగండి, మీ వైపు నుంచి ఒక్క వాయిదా కూడా కోరకండి.

ఎమ్మెల్యే ఎన్నిక అయితే

దారి వేరు. పిటిషన్ నేరుగా హైకోర్టులోనే, గడువు 45 రోజులు, డిపాజిట్ 2,000 రూపాయలు. గడువు, ప్రతివాదులు, డిపాజిట్‌లలో ఏ ఒక్కటి తప్పినా ప్రజాప్రాతినిధ్య చట్టం 86వ సెక్షన్ కింద విచారణ లేకుండానే కొట్టేస్తారు. మిమ్మల్ని ప్రకటించమని కోరితే, మీ ఓట్లను సవాలు చేయదలచుకున్న ప్రతివాది విచారణ మొదలైన 14 రోజుల్లో 97వ సెక్షన్ కింద నోటీసు ఇవ్వాలి. ఇక్కడ మీ ఏజెంట్ల చేతిలో ఉండాల్సింది ప్రతి పోలింగ్ కేంద్రం ఫారం 17-సి (ఆ కేంద్రంలో పడ్డ ఓట్ల లెక్క) నకలు. దాన్ని ఫారం 20లోని (తుది ఫలితాల పట్టికలోని) అంకెలతో కేంద్రం కేంద్రంగా కలిపి చూసుకోవాలి. 2018 కోదాడలో తేడా 756, 2023 దేవరకద్రలో 1,392. ఇలాంటి తేడాల్లో పోస్టల్ బ్యాలెట్లు లెక్కను మార్చగలవు. తిరస్కరించిన పోస్టల్ బ్యాలెట్ల సంఖ్య కంటే తేడా తక్కువగా ఉంటే ప్రకటనకు ముందే వాటిని మళ్లీ పరిశీలించాలి. వీవీప్యాట్ చీటీల లెక్కకు కూడా ఆ రోజే రాతపూర్వకంగా అడగాలి. ఓటింగ్ యంత్రాల మెమరీ పరీక్ష కావాలంటే, 2024 ఏప్రిల్ 26 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం రెండు, మూడు స్థానాల్లో ఉన్నవారు ఫలితం వచ్చిన 7 రోజుల్లో ఖర్చు కట్టి కోరవచ్చు, నియోజకవర్గంలో 5 శాతం యంత్రాల వరకు.

సర్పంచ్ కేసులో ట్రిబ్యునల్ తీర్పు వచ్చిన రోజే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు వేయండి, గెలిచినా ఓడినా. గెలిస్తే ఎదుటివారు 226, 227 అధికరణల కింద హైకోర్టుకు వెళ్లి స్టే తెచ్చుకునే ప్రయత్నం చేస్తారు. మీ వైపు మాట వినకుండా స్టే ఇవ్వొద్దని హైకోర్టులో ముందే కేవియట్ వేసి ఉంచండి.